మూడో పిన్ను మీద నా తిరుగుబాటు

నాలుగేళ్ళ కిందట తళవాయిపురంలో నేను చేసిన మొదటి ఉపన్యాసం వల్ల ఆ ఊళ్ళో మూఢనమ్మకం రెట్టింపైంది. అంతకుముందు అనుమానించేవాళ్ళు కొందరైనా ఉండేవారు. నేను మాట్లాడి దిగేసరికి వాళ్ళూ నమ్మేశారు. ఇంత ఫలితం ఏ స్వామీజీ కూడా ఒక్క గంటలో సాధించి ఉండడు.

దీనికంతటికీ కారణం ఒక పాత లాప్‌టాప్. రాజపాళయంలో సెకండ్‌హ్యాండ్‌లో కొని, అందులో లినక్స్ వేసుకున్నాను. ఎవడి అనుమతీ అడగనక్కర్లేని వ్యవస్థ నా సిద్ధాంతాలకు తగినదని నా ఉద్దేశం. చార్జరు ప్లగ్గుకు మూడు పిన్నులు. నా గదిలోని ప్లగ్గు పెట్టెకు రెండే రంధ్రాలు. ఏ పిన్ను అవసరమో శాస్త్రీయంగా తేల్చుకుందామని వంటింటి సాకెట్‌లో టెస్టరు పెట్టి చూశాను. మూడో రంధ్రంలో దీపం వెలగలేదు. అంటే ఆ పిన్ను కరెంటు మోయదు, పని చేయదు, అందరికంటే లావుగా అందరికంటే పైన కూర్చుంటుంది. మఠాధిపతి లక్షణాలన్నీ దానిలో ఉన్నాయి. రంపపు బ్లేడుతో కోసేశాను.

ఆ రోజు నుంచే, వైరు పెడితే చాలు, తెర మీది బాణం గుర్తుకు పూనకం వచ్చేది. కాకి వాలగానే తాటిపండు పడిందని కాకిని అనుమానించే రకం కాదు నేను. పిన్నుకూ పూనకానికీ లంకె పెట్టలేదు.

మరమ్మతు మొదలుపెట్టాను. టచ్‌ప్యాడ్ డ్రైవరును మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాను. అర్థం తెలియని మంత్రాలు చదవడం బుద్ధిహీనతని వ్యాసం రాసిన చేత్తోనే, ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన అర్థం తెలియని ఆజ్ఞలను టెర్మినల్‌లో అతికించాను. వాటిలో ఒకటి, టచ్‌ప్యాడ్ కదిలితే చాలు లాప్‌టాప్ నిద్ర లేవాలని ఆదేశించేదట. నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. నిద్ర నటించే లాప్‌టాప్‌ను పడుకోబెట్టలేమని ఆ వారమే తెలిసింది.

అప్పుడే మా కామాక్షత్త గదిలోకి వచ్చింది. మా నాన్నకు అక్క. ఆమెది కైరాసి, అంటే తెలుగు పుస్తకాల్లో హస్తవాసి అంటారే, అది. మా ఊరు చోళపురంలో ఎవరు పత్తి వేసినా మొదటి గింజ ఆమె చేత వేయించేవారు. నా ఉపన్యాసం పేరు కూడా ‘కైరాసి ఒక బూటకం’. ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదా.

“ఏమ్రా, దాన్ని అట్ల కుళ్ళబొడుస్తాండావు?”

“బాణం నిలవడంలేదత్తా.”

“జరుగు.” తడి చెయ్యి చీరకు తుడుచుకుని లాప్‌టాప్ మీద పెట్టింది. బాణం నిలిచింది.

“చూడు, నిలిచినాది గదా.”

“తానుగా నిలిచినాది.”

చెయ్యి తీసింది. పూనకం. పెట్టింది. ప్రశాంతం.

“ఇప్పుడూ తానుగానేనా?”

“ఇది కాకతాళీయం!”

“ఎవురు వాడు?”

నేనూ చెయ్యి పెట్టి చూశాను. నిలవలేదు. ఇంట్లో చెప్పులు వేసుకోకూడదన్న ఆచారాన్ని ధిక్కరించి రబ్బరు చెప్పులతో తిరిగే రోజులవి. అత్త మాత్రం అప్పుడే కడిగిన గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఈ తేడా నా పరిశోధక దృష్టికి ఆనలేదు.

“జిల్లుమంటాండాదిరా చెయ్యి. కైరాసి ఇట్లనే ఉంటాది.”

సభ రోజు వచ్చింది. మా హేతువాద సంఘం పెద్దాయనను అందరం తలైవరు అంటాం. ఆయన ముందే చెప్పాడు: “ఇది బాగా చేసినావంటే రాజపాళయం పట్టిమండ్రంలో మన కట్చికి నువ్వే ముందు నిలవాల.” పట్టిమండ్రమంటే రెండు కట్చిలు, అంటే రెండు పక్షాలు, తలపడే వాదసభ. దానికోసం అప్పటికే మూడేళ్ళుగా గొంతు సవరించుకుంటున్నాను.

తళవాయిపురం బస్సు ప్రతి గుంటనూ పలకరించింది. ప్రతి గుంటకూ సంచిలో లాప్‌టాప్ నిద్రలేచింది. హాల్లో తీసేసరికి ఇడ్లీ పాత్రలా కాలుతోంది, బ్యాటరీ సున్నా. వైరు పెట్టాను. మొదటి బొమ్మ తెర మీద పడింది, వెంటనే నలభయ్యోది, తర్వాత నా రేషన్‌కార్డు.

ముందు వరుసలోంచి అత్త కేక: “నేను రావాల్నా?”

“వొద్దత్తా!”

తెర మీద రేషన్‌కార్డు తలకిందులైంది. తలైవరు గడియారం చూసుకున్నాడు.

“... రా అత్తా.”

చెప్పులు కింద విడిచి సిమెంటు వేదిక ఎక్కింది. చెయ్యి పెట్టింది. బాణం గుడిముందు భక్తుడిలా నిలిచింది. నలభై నిమిషాలు నేను గర్జించాను: “మనిషి చేతిలో ఏ మహిమా లేదు!” ఆ వాక్యం వచ్చినప్పుడల్లా అత్త ముక్కు గోక్కోవడానికి చెయ్యి తీసేది, తెర గంతులేసేది, జనం “అమ్మా, చెయ్యి, చెయ్యి!” అని అరిచేవారు.

చివర్లో మైకుసెట్టు సుబ్బయ్య ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు.

“అన్నా, మూడో పిన్ను యాడ?”

“కోసేసినాను. దాంట్లో కరెంటు రాదు.”

“రాకూడదనే గదన్నా దాన్ని పెట్టేది! అది ఎర్త్. లీకయ్యే కరెంటు భూమిలోకి పోయే దోవ. నువ్వు దోవ కోసేసినావు, అమ్మ వట్టి కాళ్ళతో నిలబడి దోవ ఇచ్చినాది. ఇంతసేపూ మీ అత్తే మూడో పిన్ను!”

నాకు ప్రాణం లేచివచ్చింది. మైకు లాక్కుని ప్రకటించాను: “విన్నారా! ఇది మహిమ కాదు, ఎర్త్!”

“ఎర్త్ అంటే ఏమిరా?” అంది అత్త.

“భూమి.”

అత్త రెండు చేతులూ జోడించింది. “భూమాత! నా ఒంట్లోనుంచి పోయినాదిరా తల్లి!”

హాలంతా చప్పట్లు. ఉపన్యాసం అయ్యాక పదకొండుమంది వేదిక దగ్గరికి వచ్చారు. సంఘంలో చేరడానికి కాదు, అత్త చేత ఫోన్లు ముట్టించుకోవడానికి.

తలైవరు నా భుజం తట్టాడు. “పట్టిమండ్రానికి నువ్వు తప్పకుండా రావాల.”

“నిజంగానా అయ్యా?”

“ఎదురు కట్చిలో నిలబడు. మనకు మంచిది.”

అందుకని, ఇప్పుడు మూడు పిన్నులతో బుద్ధిగా పనిచేస్తూ, మూత మూస్తే బుద్ధిగా పడుకుంటున్న ఈ లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేస్తున్నాను: దేన్నైనా ప్రశ్నిస్తాను, దేన్నైనా ధిక్కరిస్తాను, కాని ఎందుకుందో తెలియకముందు దేన్నీ రంపంతో కోయను. చెప్పులు విడిచే చేస్తున్నాను ఈ ప్రతిజ్ఞ.