కాకి ముట్టని ముద్ద

గల్ఫ్‌లోని తుబ్లీ కూలీల క్యాంపులో పోశన్నకు నోరు పెద్దది, గుండె మాత్రం పిట్టంత. కడ్డీలు కట్టే పనిలో అందరి మీదా అరుస్తాడు. కానీ కింది మంచం దేవేందర్ నిద్రలోనే పోయిన నాటి నుంచి ఆ గదిలో ఒంటరిగా కూర్చోడు. దేవేందర్ చెప్పులు ఇంకా మంచం కిందే ఉన్నాయి, తీయడానికి ఒక్కడూ ముందుకు రాడు. టిఫిన్ మూత తీస్తే చాలు, పక్కన ఎవరో ఆకలితో చూస్తున్నట్టుంటుంది పోశన్నకు. ముద్ద దిగదు.

శవం ఊరికి చేరింది, దినాలూ అయ్యాయి. పెట్టిన ముద్దను మాత్రం కాకి ముట్టలేదు. దేవేందర్ భార్య నాగవ్వ ఫోన్లో ఒకటే ఏడుపు.

"కోడికూర వెట్టిన, కల్లు వెట్టిన. పొద్దుగూకేదాక కూసున్నం అన్నా, కాకి రాలే. నా మీద కోపంతోటి పోయిండంటున్నరు అందరు. ఆయనకేమిష్టమో నాకేమెరుక? పెండ్లయినకాన్నుంచి దుబాయిలనే ఉండె. నీకెరుకుంటది, జర నువ్వు వెట్టు."

శుక్రవారం పొద్దున పోశన్న తలస్నానం చేసి క్యాంపు గోడ మీద అన్నం, మటన్, చాయ్, చివరికి సిగరెట్టు కూడా పెట్టాడు. కాకి జాడ లేదు. ఎదురుగా కాగితంపూల చెట్టు ముళ్లలో తెల్లబుగ్గల పిగిలిపిట్టల జంట గూడు కట్టుకుంది. తల్లీ తండ్రీ వంతులేసుకుని పిల్లలకు పురుగులు మోస్తున్నాయే గానీ మటన్ వైపు కన్నెత్తి చూడవు.

"అరె, ఇంకేం గావాల్రా నీకు!" అని ఖాళీ గోడను కసిరాడు. కసిరాక గబగబా చెంపలేసుకున్నాడు. చచ్చినవాణ్ణి తిట్టాడు మరి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిట్టలు పుల్లలు ఏరుకునే రోజుల్లో దేవేందర్ మెత్తటి ఖర్జూరాలు గింజ తీసి వాటికోసం కిటికీలో పెట్టేవాడు. పోశన్న రెండు ఖర్జూరాలు నలిపి గోడ మీద పెట్టి, నాగవ్వకు వీడియో కాల్ చేశాడు.

పిట్ట వాలింది. అటూ ఇటూ చూసి ఒక ముక్క కరుచుకుంది.

"ముట్టింది చెల్లె! సూడు!"

"కాకి గాదు గద అన్నా."

"ఏదైతేంది, వాడు సాకిన పిట్టనే."

పిట్ట మింగలేదు. గూటికి ఎగిరి ఒక పిల్ల నోట్లో కుక్కింది, మళ్లీ వచ్చి ఇంకో ముక్క పట్టుకుపోయింది.

"ఆయననే అన్నా," అంది నాగవ్వ వెక్కుతూ. "ఇంటికచ్చినప్పుడు గిట్లనే. తన కంచంల ముక్క తీసి పోరగాండ్ల నోట్ల వెట్టెటోడు. ఆయన కడుపునిండ తినంగ నేను సూడలే. పోనియ్యి, నా మీద కోపం లేదాయనకు."

ఫోను పెట్టేసింది. ఆమె బరువు దిగింది, పోశన్నది దిగలేదు. రేపు తాను పోతే ఇంటి దగ్గర ఏం పెడతారు? భార్య విజయరాణిని అడుగుదామని నంబరు తీసి, ఆగిపోయాడు. ఆమె తిరిగి తననే అడిగితే? తనకు ఇష్టమైన కూర ఏదో, ఆ గోడ పక్కన ఎంతసేపు నిలబడి ఆలోచించినా గుర్తు రాలేదు.