కరెంటు లేనప్పుడు కూడా

రాజోలు దగ్గర మా ఊళ్ళో వేసవి కాలువ కట్టేయడంతో మొదలవుతుంది. లాకులు మూసేస్తారు. వారం తిరిగేసరికి కాలువ అడుగున బురద, ఆ పైన పగుళ్ళు. ఇక కొబ్బరితోటలకి బోర్లే దిక్కు. ఆ ఏడు మా వీధి చివరి తోటలో బోరు ఉప్పు తిరిగింది. ఆ తోట గలాయన అప్పటికే స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. తోట చూడ్డానికి ఆయన భార్య తన మేనల్లుణ్ణి జొన్నాడ నుంచి పిలిపించుకుంది.

అతనిదీ నాదీ ఒకటే ఈడు, ఇరవై నాలుగు. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి, హైదరాబాదులో ఉద్యోగం ఖాయం చేసుకుని, జూలైలో చేరమన్నారు కాబట్టి ఇంట్లో తిని పడుకుంటున్నాను. అతను నా మొదటి ప్రేమ. ముందే చెప్పేస్తున్నాను. దాచి దాచి చివర్లో చెప్పేంత ఓపిక నాకు లేదు.

ఆ తోటకి మా బోరు నీళ్ళిస్తానని నాన్న మాటిచ్చాడు. మా పెరట్లో ఉన్న మోటారు షెడ్డు నుంచి వాళ్ళ తోట దాకా పైపు పరిచారు. మోటారు తిరగాలంటే త్రీ ఫేజ్ కరెంటు రావాలి. అది ఒక వారం పొద్దున్నే వస్తే ఇంకో వారం మధ్యాహ్నం వస్తుంది. అది ఎప్పుడొస్తే అప్పుడు అతను మా పెరట్లోకి రావాలి. మొదటిరోజు తలుపు దగ్గర నిలబడి "మోటారు వేసుకోమన్నారండి" అన్నాడు. నేను పెద్ద మనిషిలా వెళ్ళి మీట నొక్కాను. ఏమీ కాలేదు. ఒక ఫేజు రాలేదని అతనికి స్టార్టరు మీది దీపాలు చూడగానే తెలిసింది. ఇంజనీరింగ్ ఏం చదివేరండీ అని అడిగాడు. కంప్యూటర్లు అన్నాను. "ఆయ్, అదీ సంగతి" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు అతనికంటే ముందే లేచి షెడ్డు దగ్గర కూర్చున్నాను.

ఒక చెట్టు పాదు నిండాక పైపు ఇంకో పాదులోకి మార్చాలి. ఆ పనికి అతని వెంట పోవడం మొదలుపెట్టాను. పుట్టి బుద్ధెరిగి పార పట్టని వాణ్ణి, మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొస్తుంటే నాన్న మురిసిపోయాడు. కుర్రాడికి ఇప్పటికి భూమి మీద ధ్యాస పుట్టిందని చుట్టాలకి ఫోన్లు చేసి చెప్పాడు. మా వైపు ఈడు కుర్రాళ్ళు చుట్టరికం లేకపోయినా బావా అనుకుంటారు. వారం గడవకముందే మేమూ అదే పిలుపులోకి దిగాం.

ఒక మధ్యాహ్నం మోటారు నడుస్తుండగా షెడ్డు గుమ్మంలో కూర్చున్నాం. ఆ చప్పుడులో మాట వినపడదు. అతను నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను తీసుకోలేదు. కరెంటు పోయేదాకా అలాగే ఉన్నాం. పోయాక లేచాం. అతను పైపు చుట్టడానికి వెళ్ళాడు, నేను మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాను. ఆ తర్వాత షెడ్డు తలుపు లోపలి నుంచి మూసుకున్న రోజులూ ఉన్నాయి. వాటిని ఇక్కడ రాయను. అంత సంతోషంగా నేను మళ్ళీ లేను అని మాత్రం రాస్తాను.

మేం చేసిన తెలివితక్కువ పని ఒక్కటే. అతను కరెంటు లేనప్పుడు కూడా రావడం మొదలుపెట్టాడు. ఊరికే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ ముంజెలు పెడితే తినేవాడు, అమ్మా చెల్లీ ఆవకాయకి మిరపకాయలు ఎండబెడుతుంటే కాకుల్ని తోలేవాడు. మా అమ్మ కళ్ళు ఊరకే ఉండవు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ నాన్నతో అంది: "మోటారు కోసమైతే కరెంటు ఉన్నప్పుడు రావాలి గానీ, లేనప్పుడు కూడా వస్తున్నాడేంటండీ? మన పిల్ల కోసమే."

అమ్మ ఊహలో సగం నిజం. అతను మోటారు కోసం రావడం లేదన్నది ముమ్మాటికీ నిజం. మిగతా సగమే గురి తప్పింది. పెళ్ళీడు ఆడపిల్ల ఉన్న ఇంటికి కుర్రాడు పదేపదే వస్తే ఇంకో కారణం ఉండొచ్చని మా వైపు ఎవరికీ కల్లో కూడా తట్టదు. నేను అక్కడే కంచం ముందు కూర్చుని ఉన్నాను. ఇంకో ముద్ద కలుపుకున్నాను.

కులం ఒకటే, పొలాలు అటూ ఇటుగా ఒకటే. మా అమ్మ వెళ్ళి అతని మేనత్త చెవిన వేస్తే, ఆవిడ అంతకన్నా భాగ్యమా అండీ అందట. మా చెల్లి అప్పుడే డిగ్రీ పూర్తిచేసింది. దాన్ని అడిగితే మీ ఇష్టం అంది. ఆ మర్నాటి నుంచి, అతనొచ్చే వేళకి తల దువ్వుకుని, దొడ్లో మల్లెలు కోసి పెట్టుకోవడం నేను చూశాను. అంతకుముందు సాయంత్రమైనా సరే జడ వేసుకోమంటే కసిరేది.

ఇక అతని మనసు కనుక్కోవాలి. ఆ పని ఎవరికి అప్పగిస్తారు? నేను స్నేహితుణ్ణి, పైగా పిల్ల అన్నయ్యని. నాకే అప్పగించారు. సరిగ్గా అప్పుడే మోటారు కాలిపోయింది. వైండింగుకి నర్సాపురం తీసుకెళ్ళమన్నాడు నాన్న. దార్లో కదిపి చూడమంది అమ్మ. మోటారుని గోనెసంచిలో చుట్టి, నేను బండి నడుపుతుంటే అతను వెనక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. రేకు కట్టిన ఆ పడవ మీద బళ్ళూ, ఆటోలూ, మనుషులూ కిక్కిరిసి ఉన్నారు. ఓ మూలకి జరిగి, అమ్మ అడగమన్న మాట అడిగాను. నవ్వుతాడనుకున్నాను. అతను నవ్వలేదు. మోటారు కింద దించి గోనెసంచి ముడి బిగించాడు.

"ఒప్పేసుకుంటాను బావా" అన్నాడు. "మీ ఇంటి అల్లుణ్ణయిపోతే ఎప్పుడొచ్చేవు, ఎందుకొచ్చేవు అని ఎవరడుగుతారు? ముసలాళ్ళమయ్యేదాకా రావచ్చు."

అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. పంటు నడి గోదారికి చేరేదాకా ఆ ఆశలోనే ఉన్నాను. పండక్కి అల్లుడొస్తాడు, బావమరిది ఎదురెళ్ళి సంచీ అందుకుంటాడు. ఇద్దరూ ఒకే అరుగు మీద పడుకున్నా ఊళ్ళో చూసినవాళ్ళు ముచ్చటపడతారు. మా ఇద్దరికీ ఇంతకంటే మంచి దారి ఈ ప్రపంచంలో ఎవరూ ఇవ్వరని నాకు తెలుసు. అద్దం ముందు మా చెల్లి మల్లెదండ సరిచేసుకోవడం కూడా నాకు తెలుసు.

"మరి దానికేం చెప్తావు?" అన్నాను.

"బాగా చూసుకుంటాను."

"బాగా చూసుకోడానికి అది గేదె కాదు."

అతని ముఖం మాడిపోయింది. అవతలి రేవు దగ్గర పడుతుండగా మోటారు ఎత్తి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంటూ అన్నాడు: "నువ్వొద్దంటే వద్దు. నేనే కాదన్నానని చెప్తాను. నువ్వు ఆ ఇంట్లో ఉండాలి కదా."

చెప్పినట్టే చేశాడు. ఇప్పుడే పెళ్ళి చేసుకోనని మేనత్తతో అన్నాడు. ఆవిడ నసుగుతూ వచ్చి మా అమ్మతో అంది. ఊళ్ళో మాట మాత్రం పిల్లని వద్దన్నాడంట అనే తిరిగింది. మా చెల్లి రెండ్రోజులు గదిలోంచి రాలేదు. తనలో ఏం లోపమని అమ్మని అడిగిందట. ఇంట్లో కూర్చుని ముంజెలు తిన్న వెధవ అని నాన్న తిట్టి, నీళ్ళు ఆపేయమన్నాడు. పైపు విప్పి చుట్టే పని నాదే అయింది. అందరూ నాకే ఎక్కువ కోపం వచ్చి ఉంటుందనుకున్నారు. అవమానం పడ్డ పిల్లకి అన్నయ్యని కదా. వాళ్ళు అనుకున్న కోపాన్ని ముఖానికి తగిలించుకుని తిరిగాను. అతను జొన్నాడ బస్సెక్కిన రోజు మెయిన్ రోడ్డుకి కూడా వెళ్ళలేదు. వెళ్తే ఊరు చూస్తుంది.

జూన్లో కాలువకి నీళ్ళొదిలారు. నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి. మాట్లాడ్డానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఎండలు ఎలా ఉన్నాయి, వానలు ఎలా ఉన్నాయి. తర్వాత అతని శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. శుభాకాంక్షలు పెట్టాను. వెళ్ళలేదు.

చెల్లిని మండపేటలో ఇచ్చాం. మంచి కుర్రాడు, దాని మాట వింటాడు. పోయిన వేసవిలో అది పుట్టింటికొచ్చినప్పుడు నేనూ సెలవు పెట్టి వెళ్ళాను. అమ్మ ఎప్పట్లాగే ఆడపిల్లల ఫొటోలు ఫోన్లో చూపించింది. నేను ఎప్పట్లాగే ఒక్కొక్కదానికీ ఒక్కొక్క వంక చెప్పాను. అమ్మ విసుక్కుని పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళింది. చెల్లి ఎదురుగా కూర్చుని మామిడికాయలు తుడుస్తోంది. చెయ్యి ఆపకుండానే అంది:

"అప్పుడు నన్నిస్తామని అడక్కపోతే, ఆయన నీకు మిగిలేవాడు కదా అన్నయ్యా."

ఎప్పటి నుంచి తెలుసని నేను అడగలేదు. గదిలోంచి రాని ఆ రెండ్రోజుల్లోనే తెలిసిందా, ఆ తర్వాతా అన్నదీ అడగలేదు. కాదని అందామనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో అతని కోసం నేను ఏడవడం అదే మొదటిసారి. మా చెల్లి చేతులు చీరకి తుడుచుకుని లేచి, వంటింటి తలుపు దగ్గరకి వేసి వచ్చి నా పక్కన కూర్చుంది.