తెరుచుకోని ఫోల్డర్‌లో మా జేజి పాటలు

నిన్న ప్రొద్దుటూరులో మా కంప్యూటర్‌కు విండోస్ మళ్లీ వేయించాం. ఈ రోజు చూస్తే నా పాత యూజర్ ఫోల్డర్ 'అనుమతి లేదు' అంటూ తెరుచుకోలేదు. శనక్కాయలు పీకేటప్పుడు పాడే పాటలను పోయినేడు మా జేజితో, అంటే నాయనమ్మతో, పాడించి అందులోనే దాచుకున్నాను. ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి ఓనర్‌గా నా పేరు పెట్టినా అదే మాట.

"ఏంది మే, ఇల్లు మనదే, బీగం మనదే, మనల్నే లోపలికి రానీదా?" అని జేజి నవ్వింది. "దానికి ఏడుస్తారా? ఫోన్ పట్టుకో, మళ్లీ పాడతా."

పట్టుకున్నాను. రెండో చరణం దగ్గర ఆగిపోయి, "యాడికొచ్చినా మే?" అని నన్నే అడిగింది. నాకూ రాదు.

ఆ ఫోల్డర్ తెరిచే దారి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. జేజి ఇంకా ఫోన్ ముందే కూర్చొని గుర్తు చేసుకుంటోంది.