అంతా బాగుందన్నాను

ఈ రోజు పొద్దున మా ఊరి సెంటర్లో నేను చేసిన పని ఇంకా మింగుడు పడటం లేదు. మాది దివిసీమలో సముద్రం దగ్గరి ఊరు. కుళాయిల్లో ఉప్పునీళ్ళు వస్తున్నాయని సువార్తమ్మ గారి టీ కొట్టు దగ్గర కూర్చుని రోజూ నాయకులందరినీ దులిపేసేది నేనే. అందుకే మా నియోజకవర్గం నాయకుడు గారు వస్తున్నారనగానే, "మీరైతే గట్టిగా అడుగుతారు మాస్టారూ" అని ఆవిడ నన్ను ముందు నిలబెట్టారు.

ఆయన కారు దిగి, నేరుగా వచ్చి నా భుజం మీద చెయ్యేశారు.

"ఏం మాస్టారూ, ఊళ్ళో ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"అబ్బే, ఏం లేవండీ. అంతా బాగుందండీ."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. నవ్వుతూ ఫొటో కూడా దిగాను.

కార్లు వెళ్ళిపోయాక సువార్తమ్మ గారి ముఖం చూడలేకపోయాను. ఆవిడే టీ గ్లాసు చేతికిస్తూ, "పోన్లెండి మాస్టారూ, పెద్దోళ్ళ ముందు ఎవరికైనా నోరు పెగలదు" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ టీ కాచడానికి ఆవిడ పక్క ఊరి నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చారు.

రేపు ఆయన ఆఫీసుకి వెళ్తున్నాను. ఒక్కణ్ణే వెళ్తే నా నోటిని నమ్మలేను. మా ఊరివాళ్ళెవరైనా తోడొస్తారా?