లాల్ మహమ్మద్ ఆటోలో కొంగ తిరిగొచ్చింది

లాల్ మహమ్మద్‌కు తెలుగు చదవడం రాదు. కథ చెప్పడం మాత్రం ఆయనలా వచ్చినవాళ్లు శేరిగూడలో ఎక్కువమంది లేరు. చిన్నప్పుడు ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివి, లారీ క్లీనరుగా పోయి, డ్రైవరై, ఇరవై ఏళ్లు దేశమంతా తిరిగాడు. దాబాల దగ్గర మంచాల మీద కూర్చుని ఆయన ముచ్చట పెడితే తోటి డ్రైవర్లు చేతిలో చాయ్ చల్లారేదాకా వినేవారు. నలభై నాలుగో ఏట ఒక మధ్యాహ్నం లోడు మీద టార్పాలిన్ కట్టబోయి జారిపడ్డాడు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది.

మూడు నెలలు మంచం దిగలేదు. భార్య వజీర్ బీ పొద్దంతా కుట్టుమిషన్ దగ్గరే ఉండేది. కూతురు సాయిమా అప్పుడు ఏడో తరగతి. బడి నుంచి వచ్చి, తండ్రికి పొద్దుపోవడం లేదని, మంచం పక్కన కూర్చుని లైబ్రరీ పుస్తకం పైకి చదివేది. పుస్తకం పేరు 'సుక్కి కొంగ'. ముప్ఫై ఏళ్ల కింద ఎవరో బడిపంతులు పిల్లల కోసం రాశాడట. ఎన్ని చేతులు మారిందో, అట్ట ఊడిపోయి పేజీల మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి.

అందులో సుక్కి అనే తొమ్మిదేళ్ల పిల్లకు చెరువు గట్టున రెక్క విరిగిన కొంగ దొరుకుతుంది. నానమ్మ తిడుతున్నా వినకుండా సుక్కి దాని రెక్కకు వెదురు పుల్లలు కట్టి, చేపపిల్లలు తినిపించి, గుర్తుకోసం కాలికి పసుపు దారం చుడుతుంది. రెక్క అతికాక అది గుంపుతో పాటు ఎగిరిపోతుంది. మళ్లీ చలికాలం కొంగలన్నీ వస్తాయి, పసుపు దారం ఉన్నది మాత్రం రాదు. ఆ మరుసటేడూ రాదు. మూడో ఏడు సుక్కి చేప పట్టుకుని గట్టు మీద చాలాసేపు నిలబడి, చివరికి ఆ చేపను దగ్గర్లో ఉన్న వేరే కొంగకు వేసి ఇంటికి పోతుంది.

సాయిమా పుస్తకం మూసి, "గంతే బాబా, అయిపోయింది," అంది.

"ఇంకో పేజీ ఉంటది, సూడు బిడ్డా."

సాయిమా పుస్తకం తిప్పి వెనక అట్ట చూపించింది. లాల్ మహమ్మద్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. కాలు నొప్పి అనుకుంది వజీర్ బీ.

కాలు అతికింది గానీ లారీ క్లచ్చి తొక్కే బలం రాలేదు. పాత ఆటో ఒకటి తీసుకుని శేరిగూడ చుట్టుపక్కల పిల్లల్ని ఇబ్రహీంపట్నంలోని బడికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఎనిమిది తొమ్మిది మంది పిల్లలు, ఇల్లిల్లూ తిరిగేసరికి అరగంట దారి. మొదటి వారంలోనే ఆయనకు చెవులు చిల్లులు పడ్డాయి. ఒకడి జుట్టు ఇంకొకడి చేతిలో, ఒకరి నీళ్ల సీసా రోడ్డు మీద. నెమ్మదిగా ఉంచడానికి కథ ఎత్తుకున్నాడు. తనకు తెలిసిన పిల్లల కథ అదొక్కటే. రోజుకు కొంచెం చొప్పున, బడి గేటు వచ్చేసరికి సుక్కిని ఏదో ఒక చిక్కులో వదిలేసేవాడు. మర్నాడు హారన్ కొట్టకముందే పిల్లలు సందు మొదట్లో నిలబడి ఉండేవారు.

రెండో ఏడు ఆటోలో స్తుతి అనే మూడో తరగతి పిల్ల ఉండేది. తండ్రి జయపాల్ కాలేజీల్లో కరెంటు పనులు చేసేవాడు. తల్లి మరియకు కిడ్నీలు పాడై పట్నంలో దవాఖానలో ఉంది. కథ ఆఖరికొచ్చిన రోజు, కొంగలు తిరిగొచ్చే కాడ, ముందు సీటు పక్కన కూర్చున్న స్తుతి ఆయన చొక్కా పట్టుకుని అడిగింది.

"అంకుల్, సుక్కిది వస్తదా, రాదా?"

పక్కకు తిరిగి ఆ పిల్ల ముఖం చూశాడు. సరిగా దువ్వని జుట్టు, తండ్రి వేసిన వంకర పిలకలు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"ఎందుకు రాదు? వస్తది."

అనేశాక ఎలా వస్తుందో చెప్పాలి కదా. బడిలో ప్రార్థన జరుగుతుండగా కొంగ వచ్చి రేకుల మీద వాలిందన్నాడు. కాలికి వెలిసిపోయిన పసుపు దారం అట్లాగే ఉందన్నాడు. సుక్కి కోసం ముక్కున పట్టుకొచ్చిన చేప జారి పెద్దసారు బట్టతల మీద పడిందన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. స్తుతి కూడా నవ్వింది.

నెల తిరగకముందే మరియ చనిపోయింది.

ఆ తర్వాత స్తుతి రెండేళ్లు ఆయన ఆటోలోనే వచ్చింది. కథ గురించి ఎప్పుడూ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కానీ ఆ పిల్ల ఎక్కినప్పుడల్లా, వస్తదని చెప్పిన తన మాట తనకే వినపడేది. అయినా కొత్తగా చేరిన ప్రతి పిల్లల గుంపుకూ కొంగను రప్పిస్తూనే వచ్చాడు. ఒకసారి రప్పించాక మళ్లీ ఆపడం ఆయన వల్ల కాలేదు.

పన్నెండేళ్లు గడిచాయి. సాయిమా నర్సయింది. లాల్ మహమ్మద్ గడ్డం నెరిసి, పిల్లలు అంకుల్ మాని తాత అనడం మొదలుపెట్టారు. అప్పుడు 'సుక్కి కొంగ' సినిమాగా వస్తోందని తెలిసింది. ఆటో పిల్లలకు అది వాళ్ల ఇంట్లో పెళ్లిలా ఉంది. ఐదో తరగతి మనోజ అందరికంటే పెద్దది, ఆటోలో ఆమె మాటే నడుస్తుంది. "మా లాల్ తాత కథ సినిమా తీసిన్రు," అని బడంతా చాటింది. రెండో శనివారం పొద్దుటి ఆటకు పిల్లలందర్నీ ఆయనే తీసుకుపోవాలని తల్లిదండ్రులు మాట్లాడుకుని చెప్పారు.

లాల్ మహమ్మద్‌కు వారం రోజులు నెమ్మది లేదు. చివరికి సాయిమాకు చెప్పుకున్నాడు.

"సినిమావాళ్లు అన్నీ మారుస్తరు గద బిడ్డా? అది గూడ మారుస్తరేమో."

"మార్చకపోతే?"

"అదే నా ఫికర్."

"ముందే చెప్పెయ్ బాబా పిల్లలకు."

చెప్పాలనుకునే శనివారం ఆటో ఎక్కాడు. తుర్కయాంజాల్ దగ్గరి హాలుకు పోయేదాకా పిల్లలు కొంగల్లా అరుస్తూనే ఉన్నారు. మాట బయటికి రాలేదు.

హాలు నిండా జనం. చిన్నప్పుడు పుస్తకం చదివినవాళ్లు తమ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. తెర మీద చెరువు కనపడగానే వెనక వరసలో ఒక పెద్దావిడ పక్కామెతో, "చెరువు ఇంత పెద్దగుండదు పుస్తకంల," అంది. నానమ్మకు బదులు తాతను పెట్టారని ఇంకొకాయన గొణిగాడు. సుక్కికి పాట పెట్టినప్పుడు, "ఇదెక్కడిది?" అని నవ్వారు కొందరు. లాల్ మహమ్మద్ అవన్నీ చెవులు రిక్కించి విన్నాడు. ఒక్కో మార్పుకూ ఆయనకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇన్ని మార్చినవాళ్లు ఇంకొక్కటి మార్చరా అనుకున్నాడు.

మార్చలేదు. మూడో ఏడు సుక్కి గట్టు మీద నిలబడింది. సుక్కి చేపను వేరే కొంగకు వేసింది, వెనక్కి తిరిగింది, నడిచిపోయింది. తెర మీద పేర్లు మొదలయ్యాయి. లైట్లు వెలిగాయి. ఇందాక చెరువు పెద్దదైందన్న పెద్దావిడ చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఇదొక్కటి మంచిగ ఉంచిన్రు," అంది.

జనం లేస్తున్నారు. ఆయన పిల్లలు లేవలేదు. తొమ్మిది మందీ తెరవైపే చూస్తూ కూర్చున్నారు.

"లేవున్రి బిడ్డా, పోదం."

"ఆగు తాతా," అన్నాడు ఒకటో తరగతి మొయిజ్. "ఇంకా ఉన్నది. కొంగ రాలే గద."

"బడి మీదికి వస్తది ఇప్పుడు," అంది మనోజ, అడ్డొస్తున్న జనం నుంచి పక్కకు వంగి తెరను చూస్తూ.

పేర్లు అయిపోయాయి. తెర తెల్లబడింది. ఊడ్చేవాళ్లు చీపుర్లతో లోపలికి వచ్చి, పిల్లల్ని చూసి, చివరి వరస నుంచి మొదలుపెట్టారు. మనోజ మెల్లగా ఆయనవైపు తిరిగింది.

"తాతా, అయిపోయిందా?"

"అయిపోయింది."

"మరి కొంగ?"

లాల్ మహమ్మద్ నోరు తెరిచేలోగా ముందు వరసల నుంచి ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. భుజాన కాలేజీ సంచి, కళ్లజోడు. వెంట ఉన్న స్నేహితురాళ్లను బయటికి పొమ్మని చెయ్యి ఊపింది.

"లాల్ అంకుల్, గుర్తువట్టినవా? స్తుతిని."

శేరిగూడలోనే ఇంజనీరింగు చదువుతోందని వినడమే గాని ఆయన ఈమధ్య చూడలేదు. తలూపాడు. పిల్లల్ని బయట మెట్ల మీద కూర్చోబెట్టి మొక్కజొన్న పేలాలు ఇప్పించాక, కాస్త దూరంలో గోడకు ఆనుకుని ఆయనే మొదలుపెట్టాడు.

"నీకు అబద్ధం చెప్పిన బిడ్డా. పన్నెండేండ్ల సంది మనసుల పెట్టుకొని తిరుగుతున్న."

"నాకు తెల్వదా? ఏడో తరగతిల పుస్తకం నేనే చదివిన."

"అప్పుడు కోపం రాలేదా?"

"మస్తు వచ్చింది. రోడ్డు మీద నీ ఆటో కనవడితే మొఖం తిప్పుకునేదాన్ని." స్తుతి కళ్లజోడు తీసి దుపట్టాతో తుడుచుకుంది. "నువ్వు కథ చెప్తుంటివి గద, అది నేను పొద్దుమూకి దవాఖానకు పోయి అమ్మకు చెప్తుంటి. రోజుకింత. అమ్మ ఎదురుచూస్తుండె. బడి మీద వాలిన కాడిది చెప్పినప్పుడు, సారు నెత్తి మీద చేప పడిందంటే, నవ్వి నవ్వి దగ్గొచ్చింది అమ్మకు. నర్సమ్మ వచ్చి కోప్పడ్డది. అమ్మ గట్ల నవ్వంగ నేను మళ్ల సూడలే."

పార్కింగ్‌లో ఎవరో బండి స్టార్ట్ చేయలేక తన్నుతున్నారు.

"కోపం గూడ నిజమే అంకుల్," అంది స్తుతి. "అమ్మ పోయిందంటే పోయిందని నాకు ఎవ్వరు చెప్పలే అప్పుడు. బాపు గూడ చెప్పలే. ఊరికి పోయిందన్నరు. కొన్నొద్దులు నేను మా ఇంటి రేకుల దిక్కు సూసేది." మెట్ల మీది పిల్లలవైపు చూపించింది. "వాళ్లకు చెప్పు. ఆ పెద్ద పిల్లకయితే అర్థమైపోయింది, మొఖంలనే కనవడ్తున్నది."

వెళ్లేముందు ఆయన చేయి ఒకసారి పట్టుకుని వదిలింది.

దారిలో ఆయన ఆటోను రోడ్డు పక్కన వేపచెట్టు నీడన ఆపి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "పుస్తకంల కొంగ రాదు," అన్నాడు. "సినిమావాళ్ల తప్పు లేదు. వచ్చిందని నేను కల్పించిన."

తొమ్మిది ముఖాలు ఆయన్నే చూశాయి.

"ఎందుకు?" అంది మనోజ.

"ఒక పాప అడిగింది. రాదని చెప్ప చాతగాలే."

"మాకెందుకు చెప్పినవ్ మరి? మేం అడగలే గద."

ఒకసారి రప్పించాక ఆపడం తన వల్ల కాలేదని చెప్పాడు. మొయిజ్ కాసేపు ఆలోచించి, కొంగ వచ్చే ఉంటుందనీ, సుక్కి తొందరపడి ఇంటికి పోవడం వల్ల చూడలేదనీ తేల్చాడు. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. మనోజ ఊరొచ్చేదాకా పక్కకు తిరిగి రోడ్డువైపే చూస్తూ కూర్చుంది.

సోమవారం ఆమె వెనక సీట్లో మూలకు పోయి కూర్చుంది. మంగళవారమూ అంతే. ఆమె తండ్రి రఘునందన్ ఆపి, "ఏందన్నా, మా బిడ్డ సినిమా సూసొచ్చినకాన్నుంచి నీమీద అలిగింది?" అని అడిగాడు. లాల్ మహమ్మద్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. రఘునందన్ నవ్వి, పిల్లల కథకు ఇంత పట్టింపేమిటన్నాడు. "కథకు గాదు సేటూ, మాటకు," అన్నాడు లాల్ మహమ్మద్.

గురువారం పొద్దున మనోజ మళ్లీ ముందు సీటు పక్కకు వచ్చి కూర్చుంది. ఆటో సందు దాటాక అంది.

"తాతా, మళ్ల మొదటి సంది చెప్పు. పుస్తకంల ఉన్నట్టు."

"ఆఖరి దాకనా?"

"ఆఖరి దాక."

తొమ్మిది రోజులు పట్టింది. తెలిసిన కథే అయినా పిల్లలు మధ్యలో కదల్లేదు. ఆఖరి రోజు బడి గేటుకు కొంచెం ముందుగా ఆటో ఆపి, సుక్కి చేపను వేరే కొంగకు వేసి ఇంటికి పోయిందని చెప్పాడు.

ఒకరిద్దరు ముక్కులు ఎగబీల్చారు. మనోజ బ్యాగు ఒళ్లో పెట్టుకుని దాని జిప్పు ముందుకూ వెనక్కూ లాగుతోంది.

"ఇంటికి పోయి ఏం చేసింది?" అన్నాడు మొయిజ్.

"ఎవరు?"

"సుక్కి."

పుస్తకంలో అది లేదు. లాల్ మహమ్మద్ ఆ మాట ముందే చెప్పి, "నాకు తెల్వది గని, ఆకలైతుండొచ్చు," అన్నాడు. "నానమ్మ జొన్నరొట్టె చేసి ఉంటది."

"మా నానమ్మ గూడ చేస్తది," అన్నాడు మొయిజ్. "తొక్కు పెడ్తది."

మనోజ జిప్పు పూర్తిగా మూసి, "నానమ్మ తిట్టి ఉంటది ఫస్టు, ఆలస్యమైందని," అంది. "తర్వాత పెట్టి ఉంటది."

బడి గంట కొట్టారు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దిగి గేటువైపు పరుగెత్తారు.