హూ మ్యాన్? వాట్ డ్యూటీ?

మా లస్మయ్య కాకకు జగ్గు కనవడితె సాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు అడగాలె. మామూలు జగ్గు కాదు, మొకాల జగ్గు. డెబ్బయ్యెనిమిదిల దోహాకు ఇంజినీర్లయి దిగిన ఇంగ్లీషోళ్ళు అద్దాల బీరువ నిండ గవే వెట్టుకుంటుండ్రి. మట్టితోని జేసిన మనిషి మొకం, నెత్తిమీద టోపీ, ఎన్క పట్టుకునేటందుకు పిడి.

ఆ ఊర్ల ముంతజా అనే వాడకట్టుల ఆ ఇంగ్లీషోళ్ళ బంగ్లాలు ఊడ్సుడు కాక డ్యూటీ, నల్లాలు బాగుజేసుడు నాది. ఆయనకొచ్చిన ఇంగ్లీషు నాలుగే ముక్కలు: "హూ మ్యాన్? వాట్ డ్యూటీ?"

ఓ దొరసాని ఓపిగ్గ చెప్పేది. మూడు మూలల టోపాయన గంట కొట్టుకుంట ఊరంత చాటింపేసేటాయన. గడ్డపాయన చేపలు వట్టేటాయన.

"అరే, అందరు మనోళ్ళేరా జలంధరూ!" అని కాక మురిసిపోయేటోడు.

ఓనాడు బుగ్గలెర్రగున్న జగ్గుకు కుంకుమబొట్టు వెట్టి ఊదుబత్తి ముట్టిచ్చిండు. దొరసాని ఉరికొచ్చింది.

"నో గాడ్, లస్మయ్యా! డ్రింకింగ్ మ్యాన్!"

"తాగితె తాగిండు, మొకంల ఎంత శాంతమున్నది!" అన్నడు నాతోని. బొట్టు మాత్రం తుడువలే.

"నీకెందుకే కాకా ఈ ఆరా? వాళ్ళేమన్న నీకు పిల్లనిస్తరా?" అని నేను యాష్టకొస్తె, "నీకు తెల్వదు, ఊకో" అన్నడు.

మా రూముల ముత్యమని ఒకడుండె. మేస్త్రీ పనని వచ్చినోన్ని కంపెనీ రాత్రి వాచ్‌మన్ జేసింది. పెండ్లాం నర్సవ్వకు చెప్పలే. క్యాసెట్ల మాట నింపి పంపినప్పుడల్ల "మేస్త్రీనే" అనుడు. ఇంటికి వోతె అబద్ధం బయటవడ్తదని రెండుసార్లు లీవు వదులుకున్నడు. బిడ్డను చూడక మూడేండ్లాయె.

దొరసాని తన దేశం వొయ్యేటప్పుడు ఒక జగ్గు తీసుకొమ్మంటె, కాక తన ముద్దుల తాగుబోతును ఇడిసిపెట్టి లాంతరున్న మొకాన్ని తెచ్చి ముత్యం ముంగట వెట్టిండు.

"హూ మ్యాన్?" అన్న నేను నవ్వుకుంట.

"రాత్రి వాచ్‌మన్! ఏడాది సంది ఈనకోసమే బంగ్లా బంగ్లా అడుగుతున్న. చూడు ముత్యం, నీ పని జేసెటోన్ని దొరలు అద్దాల బీరువల వెట్టుకున్నరు. నీకేం సిగ్గురా?"

తెల్లారి ముత్యం జగ్గును ఒళ్ళె వెట్టుకొని ఫోటో దిగిండు. క్యాసెట్ల ఉన్నదున్నట్టు చెప్పి, ఊరికి వొయ్యేటోనితోని రెండూ పంపిండు. ఇగ నెలరోజులు సక్కగ అన్నం తినలే.

జవాబొచ్చిన్నాడు అందరం టేపు సుట్టు కూసున్నం. ముందుగాల బిడ్డ దగ్గింది, తర్వాత నర్సవ్వ అందుకున్నది.

"వాచ్‌మనైతె ఏంది, దొంగతనమా? ఈ లీవుకు సక్కగ ఇంటికి రా. అన్నట్టు, ఆయన మొకం జగ్గు జేసిండ్రు గదా, నీది ఎప్పుడు జేస్తరట?"

ముత్యం ఏడ్సుకుంటనే నవ్విండు. లస్మయ్య కాక వాని గదుమ వట్టి అటు తిప్పి, ఇటు తిప్పి చూసిండు.

"చేయొచ్చు," అన్నడు. "ముక్కుకాడనే జర మట్టి ఎక్కువ వడ్తది."