కూతబండి వెళ్లిన దారిలో

ఉదయం ఐదుంబావుకల్లా ఖమ్మం బస్టాండులో ఉన్నాను. భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఐదున్నరకని రాసి ఉన్నా కదిలేసరికి ఆరు కావచ్చింది. బస్సులో సగం మంది రాములవారి దర్శనానికి వెళ్తున్నవాళ్లు. కొబ్బరికాయల సంచులు, పసిపిల్లలు, పులిహోర వాసన. నా సంచిలో మాత్రం రెండు నీళ్ల సీసాలు, బిస్కెట్ ప్యాకెట్లు, ఒక తువ్వాలు. నేను గుడికి కాదు, చర్ల దారిలో అడవిలో ఉన్న ఒక గూడేనికి వెళ్తున్నాను. ఆ గూడెం పేరు రాయను. అక్కడివాళ్లు ఇప్పటికే చాలామంది కంట్లో పడ్డారు.

ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందే చెప్పేస్తాను. ఖమ్మంలో వైరా రోడ్డు మీద నాకు బండ్ల ఎలక్ట్రికల్ షాపు ఉంది. హారన్లు, ఫాగ్ లైట్లు, బ్యాటరీలు, వైరింగు, ఇరవై రెండేళ్లుగా అదే పని. పోయిన వానాకాలానికి ముందు ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. దిగినవాడి జుట్టు కత్తిరింపు, బూట్లు, నిలబడే తీరు అన్నీ పోలీసువే. బోర్డు మీద నా పేరు చదివి, "శౌరన్నా, ఎరుపు నీలం బుగ్గ, సైరన్ సెట్టు బిగియ్యాలె. జల్దీ కావాలె, డిపార్ట్‌మెంట్ బండి" అన్నాడు.

మా వైపు ఆ మాటకు ఒకటే అర్థం. కరెంటాఫీసు వాళ్లు కరెంటాఫీసనే చెప్పుకుంటారు, ఫారెస్టు వాళ్లు ఫారెస్టనే చెప్పుకుంటారు. ఉత్త డిపార్ట్‌మెంట్ అంటే పోలీసు. 'ఏ డిపార్ట్‌మెంటు' అని అడిగితే ఎదుటివాడిని అవమానించినట్టు, పైగా మనకేదో మూడినట్టు. రూలు ప్రకారం ఆఫీసు లెటరు చూపించమనాలి. నేను అడగలేదు. గంటన్నరలో బిగించాను, మైకు పరీక్షించాను, ఎప్పటిలాగే ఆంప్లిఫయర్ డబ్బా మీద మా షాపు స్టిక్కరు అతికించాను.

ఆ స్టిక్కరే నన్ను పట్టించింది. నాలుగు నెలల తరువాత ఒక చెక్‌పోస్టు దగ్గర అసలు పోలీసులు ఆ కారును ఆపారు. లోపల ఉన్న ముగ్గురిలో ఒక్కడికీ ఏ డిపార్ట్‌మెంటుతోనూ సంబంధం లేదు. నన్ను పిలిపించి స్టేట్‌మెంటు తీసుకున్నారు, గట్టిగా హెచ్చరించి పంపేశారు. బయట చెట్టు కింద ఒక కానిస్టేబుల్ టీ తాగుతూ ఆ గూడెంలో ఏం జరిగిందో చెప్పాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు.

పాపసంకీర్తనానికి చర్చికి వెళ్లి మా ఫాదర్‌గారితో అంతా చెప్పుకున్నాను. ఎప్పటిలా పది పరలోక జపాలు చెప్పమంటారనుకున్నాను. ఆయన "నాకు చెప్పినవ్, సరే. వాళ్లకు చెప్పినవా?" అన్నారు. కోపం వచ్చింది, నిజం చెప్పొద్దూ. జపాలతో పోయేదానికి ఈ పని పెట్టారేమిటి అనుకున్నాను. అయినా పదిహేను రోజులకు బయలుదేరాను.

వైరా, తల్లాడ దాటి ఏన్కూరు దగ్గర బస్సు నిండిపోయింది. నా పక్కన సారపాక వెళ్లే ఒక పెద్దామె కూర్చుంది, ఒళ్లో ఎండుమిర్చి సంచి. జూలూరుపాడు దాటాక వెనక నుంచి సైరన్ వినిపించింది. డ్రైవరు బస్సును మట్టిలోకి దించాడు, ఎదురుగా వచ్చే ట్రాక్టరు కూడా పక్కకు జరిగింది. బుగ్గలు తిప్పుకుంటూ ఒక నల్ల కారు దూసుకుపోయింది.

"ఎవరో పెద్ద ఆఫీసరు" అంది పెద్దామె.

కండక్టరు నవ్వింది. "ఆఫీసరు లేదు, ఏం లేదు పెద్దమ్మా. ప్లాట్లు అమ్ముకునేటోడు. మొన్న టోల్ కాడ గొడవైనప్పుడు చూసిన. బుగ్గ పెట్టుకుంటే దారి ఇస్తరని పెట్టుకుండు."

"మరి మనమెందుకు దిగినం?"

"దిగకపోతే ఎట్ల? నిజంగనే పోలీసోళ్లయితే?"

ఈ మాటకు బస్సులో నలుగురైదుగురు నవ్వారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

కొత్తగూడెంలో పావుగంట ఆగింది. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లగా ఉంది. పాల్వంచ దాటి, సారపాక దగ్గర వంతెన ఎక్కేసరికి తొమ్మిదిన్నర. గోదావరి సగానికి పైగా ఇసుకే. భద్రాచలంలో చర్ల బస్సు పదీ పదికి దొరికింది. ఎవరైనా ఆ దారిన వెళ్లేవాళ్లుంటే ఒక మాట: భోజనం, నీళ్లు భద్రాచలంలోనే చూసుకోండి, దుమ్ముగూడెం దాటాక హోటలు మీద ఆశ పెట్టుకోకండి. ఇంకో మాట, తెల్ల కారులో వెళ్లకండి.

పదకొండున్నరకు ఒక బోర్డు లేని స్టేజీ దగ్గర దిగాను. ఆశా కార్యకర్త కమల అక్కడ గొడుగు వేసుకుని నిలబడి ఉంది. ఆమె నంబరు ఆ కానిస్టేబులే ఇచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, మాట కటువు. "వస్తనన్నోళ్లు చానామంది రారు సారూ. మీరు వచ్చిండ్రు" అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. కిరాయి ఆటోలో వాగు దాకా వెళ్లాం. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు నడక. దారి జీపు పట్టేంత వెడల్పు ఉంది, రెండు వైపులా టేకు, తునికి, గుబురు పొదలు.

నడుస్తూ కమల చెప్పింది. ఆ కారు నాలుగైదుసార్లు వచ్చిందట. వాగు దగ్గర సైరన్ మొదలుపెట్టేవారు. గూడెంలోకి వచ్చి మైకులో పేర్లు అడిగేవారు, ఎంక్వయిరీ అనేవారు. కాగితాలు లేవని మోటారు సైకిలు ఒకటి, ఫోన్లు, కోళ్లు పట్టుకుపోయారు. అడ్డుపడిన ఒక ముసలాయన చెయ్యి విరిచారు. మూడోసారి నుంచి ఎవరూ గూడెంలో ఆగలేదు. కూత వినబడితే చాలు, పొయ్యి మీది కుండ పొయ్యి మీదే వదిలేసి అడవిలోకి ఉరికేవారు. దానికి కూతబండి అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఒక మలుపు దగ్గర ఆమె ఆగి ఒక పొదను చూపించింది.

"ఈడనే సారూ. నాగమ్మకు నొప్పులొచ్చినయ్, రక్తం ఆగుతలేదు. నేను సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోన్ కొట్టిన. వాళ్లు ఆమెను మంచం మీద రోడ్డుకు మోస్కొస్తున్నరు. ఎదురుంగ అంబులెన్స్ కూసుకుంట వచ్చింది."

మోస్తున్న నలుగురూ అది కూతబండే అనుకున్నారు. మంచాన్ని పొదల్లోకి లాగి, ఆమె అరవకుండా నోట్లో గుడ్డ పెట్టారు. అంబులెన్స్ వాళ్ల పక్క నుంచే గూడెంలోకి వెళ్లిపోయింది. గూడెం ఖాళీ. డ్రైవరు పాపం మంచివాడు, జనాన్ని పిలుద్దామని సైరన్ ఇంకా గట్టిగా పెట్టాడు. అతను పిలిచేకొద్దీ వాళ్లు మంచం మోసుకుని ఇంకా లోపలికి వెళ్లారు. కమల గుట్ట దిగి వచ్చి, అరుచుకుంటూ అడవంతా తిరిగి, వాళ్లను పట్టుకునేసరికి గంటన్నర దాటింది. భద్రాచలం చేరకముందే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

"ఆ డ్రైవరు వేరే మండలానికి పోయిండు. ఇప్పటికీ ఫోన్ చేసి ఏడుస్తడు" అంది కమల.

ఆ పొద దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ డబ్బాకు నాలుగు స్క్రూలు, మూడు వైర్లు. బిగించిన చేతులు ఇవే.

గూడెం చేరేసరికి ఒంటిగంట. పదిహేను ఇళ్లుంటాయి. నాగమ్మ భర్త జోగయ్య తడిక అల్లుతున్నాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నన్ను చూడగానే చేతిలో పని ఆపి లేచాడు.

"డిపార్ట్‌మెంటా?"

"కాదు. సార్‌ది ఖమ్మంల బండ్ల సామాన్ల షాపు" అంది కమల.

నన్ను మంచం మీద కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు, నిలబడే చెప్పాను. దారి పొడవునా వాక్యాలు కూర్చుకున్నాను కానీ అవేవీ నోటికి రాలేదు. "ఆ కారుకు కూత పెట్టింది నేనే" అన్నాను.

కమల వాళ్ల భాషలో మళ్లీ చెప్పింది. ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చారు. జోగయ్య నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఎందుకు పెట్టినవ్?" అన్నాడు.

"డిపార్ట్‌మెంట్ బండి అన్నడు."

"ఏ డిపార్ట్‌మెంటు?"

నా ఇరవై రెండేళ్ల వ్యాపారంలో నేను ఎవరినీ అడగని మాటను అతను ఎంత తేలిగ్గా అడిగాడో! "అడగలేదు" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

అతను ఇంట్లోకి వెళ్లి ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. నాగమ్మ చెల్లెలు రాధ. ఎనిమిదో నెల దాటిందని చూస్తేనే తెలుస్తోంది. ఆమెను నా ఎదురుగా మంచం మీద కూర్చోబెట్టాడు.

"వచ్చే నెల ఈమెకు. మళ్ల అంబులెన్స్ రావాలె. ఆ కూత ఎట్లుంటది, అంబులెన్స్ కూత ఎట్లుంటది, మాకు తేడా చెప్పు. దేనికి ఉరకాలె, దేనికి ఆగాలె? నువ్వు అమ్మేటోనివి గదా, నీకు తెలిసుంటది."

అతను నన్ను తిట్టలేదు, క్షమించనూ లేదు. నాకు తెలిసిన పని గురించి అడిగాడు. షాపులో ఎవరైనా అలా అడిగితే ఏం చేస్తానో అదే చేశాను. గిరాకీకి వినిపించడానికి నా ఫోన్లో అన్ని రకాల కూతలూ రికార్డు చేసి ఉంచుకుంటాను. ఆలోచించకుండా ఫోను తీసి మొదటిది నొక్కాను.

అది గట్టి శబ్దం కూడా కాదు. కానీ పక్కింటి ముందు గింజలు చెరుగుతున్న ముసలమ్మ చేట పడేసి లేచింది. ఎవరో పిల్లను చంకనేసుకున్నారు. నేను ఆపేలోపే ఐదారుగురు చెట్ల వైపు పరుగెడుతున్నారు. రాధ కడుపు పట్టుకుని లేవబోయి, లేవలేక నా వైపు చూసింది. కమల నా చేతిలోంచి ఫోను లాక్కుని వాళ్ల వెనక అరుస్తూ వెళ్లింది. నా బుద్ధి గడ్డి తిన్నది, అంతకన్నా ఏం చెప్పను?

అందరూ తిరిగి వచ్చేసరికి అరగంట పట్టింది. జోగయ్య మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు, జవాబు కోసం.

చెప్పాను. నేను బిగించిన సెట్టులో కూతలు చాలా రకాలున్నాయి. పోలీసుది ఉంది, ఫైరింజనుది ఉంది, అంబులెన్స్‌ది కూడా ఉంది. ఒక్క బటన్. వాళ్లు ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. తేడా లేదు.

"తేడా లేదా?"

"లేదు."

జోగయ్య మళ్లీ తడిక ముందు కూర్చున్నాడు. "గట్లైతే మేం ఉరుకుడే మంచిది" అన్నాడు.

కమల ఊరుకోలేదు. ఈసారి అంబులెన్స్‌ను వాగు అవతలే కూత ఆపేసి నిలబెట్టిస్తానంది, తానే ముందు నడిచి వస్తానంది, అదీ వద్దంటే కాన్పుకు పది రోజుల ముందే రాధను దవాఖానాకు తీసుకుపోతానంది. నేను ఇవాళే నా ఖర్చుతో ఆటోలో భద్రాచలం దింపుతానన్నాను. రాధ అప్పుడు మొదటిసారి మాట్లాడింది.

"ఎవరిదో బండి నేనెక్క" అంది. అని, నేను తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్లను మంచం మీద నా వైపుకు జరిపింది.

తిరుగు బస్సు స్టేజీ దగ్గరికి నాలుగుంబావుకు వస్తుంది, అదే నమ్మకమైనది. కమల రోడ్డు దాకా వచ్చి సాగనంపింది. "మళ్ల వస్తరా?" అంటే వస్తానన్నాను. ఆమె తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు. భద్రాచలంలో ఖమ్మం బస్సు వెంటనే దొరికింది, కిటికీ పక్క సీటు. ఈ అడవి దారి అందంగానే ఉంటుంది. ఎవరైనా వెళితే మోదుగ పూత చూడవచ్చు, గోదావరి గాలి తగులుతుంది. నాకు మాత్రం ఆ దారి అంటే ఒక పొద, అందులో ఒక మంచం, నోట్లో గుడ్డతో ఒక మనిషి. ఇంకేమీ గుర్తుండదు.

ఫోను చూస్తే షాపు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. సైరన్ సెట్లు రెండు షెల్ఫులో ఇంకా ఉన్నాయి. వాటిని దించేసి పగలగొట్టమని షాపు కుర్రాడికి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. పగలగొడితే ఏమవుతుంది, ఇదే సెట్టు ఇంకో కొట్టులో దొరుకుతుంది. అయినా చెప్పాను.

పాల్వంచ దాటాక, ఇంకా వెలుతురు ఉండగానే, వెనక నుంచి సైరన్ వినబడింది. డ్రైవరు అద్దంలో చూసి బస్సును ఎడమకు తీశాడు. మలుపులో ఉన్నాం, వచ్చేదేమిటో కనపడటం లేదు. నా పక్కన యూరియా సంచి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న రైతు మెడ చాచి వెనక్కి చూసి, నన్ను అడిగాడు.

"ఏంది సారూ అది? అంబులెన్సా, పోలీసోళ్లా?"

ఇరవై రెండేళ్లు. చెవికి ఎంత అలవాటైన కూత! కళ్లు మూసుకుని విన్నాను.

"తెల్వదు" అన్నాను.